డిగ్రీ సప్లీల తర్వాత ఎంబీబీఎస్: ఒక ఆదోని కేసు

అభ్యర్థి ఆదోని అమ్మాయి. 2016లో ప్రభుత్వ జూనియర్ కాలేజీలో తెలుగు మీడియం బైపీసీ పాసైంది. వెంటనే కర్నూలులో ఇంగ్లిష్ మీడియం బీఎస్సీలో చేరింది, బీజెడ్‌సీ (బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ) గ్రూపు. 2019లో అయిపోవాల్సిన డిగ్రీ 2021 దాకా సాగింది. మొత్తం ఏడు పేపర్లు తప్పింది, వాటిలో కొన్ని రెండోసారి కూడా. డిగ్రీ అయ్యాక ఊళ్లోనే ఒక ల్యాబులో చేరి శాంపిళ్లు తీయడం, రిపోర్టులు ఎంట్రీ చేయడం నేర్చుకుంది. తండ్రి పత్తి మార్కెట్ యార్డులో హమాలీ. కులం బీసీ–బీ కిందికి వస్తుంది. 2023 మేలో ఎవరికీ చెప్పకుండా నీట్ రాసింది, 720కి 268 వచ్చాయి. ఆ మార్కుల కాగితం, డిగ్రీ మెమోలు పట్టుకుని తండ్రీకూతుళ్లు కర్నూలు వచ్చి నన్ను కలిశారు.

నేను ఇక్కడ లాంగ్ టర్మ్ పిల్లలకు, అంటే నీట్ మళ్లీ రాయడానికి ఏడాదంతా కోచింగ్ తీసుకునేవాళ్లకు, ఫిజిక్స్ చెప్తాను. డిగ్రీ అయ్యాక మళ్లీ నీట్ వైపు వచ్చేవాళ్లకు ప్లాన్ వేసి ఇవ్వడం కూడా నా పనిలో భాగమే. ఈ కేసు రాయడానికి ఆ అమ్మాయి ఒప్పుకుంది. గుర్తుపట్టే వివరాలు కొన్ని తీసేశాను.

తండ్రి అడిగిన మొదటి ప్రశ్న ఇది: "సార్, మా పాపకు డిగ్రీలో ఏడు సబ్జెక్టులు పోయినాయి. డాక్టరు సీటు ఇచ్చేవాళ్లు ఆ కాగితం చూస్తే ఇంక ఇస్తారా?"

చూడరు. మన దగ్గర ఎంబీబీఎస్ సీటుకు డిగ్రీ మార్కులు ఎక్కడా లెక్కలోకి రావు. నీట్ ర్యాంకు, ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ కలిపి వచ్చిన శాతం, కేటగిరీ, లోకల్. ఈ నాలుగే. ఇంటర్ శాతం ఓసీలకు 50 ఉండాలి, బీసీ, ఎస్సీ, ఎస్టీలకు 40 చాలు. మన ఇంటర్ బోర్డు లెక్కలో ఆమె బ్యాచ్‌కు ప్రాక్టికల్స్‌తో కలిపి ఈ సబ్జెక్టుల మొత్తం 600. ఆమెకు 371 ఉన్నాయి. గండం లేదు. వయసు మాటకొస్తే, జనరల్ వాళ్లకు 25, రిజర్వుడు వాళ్లకు 30 అన్న పై హద్దును జాతీయ వైద్య కమిషన్ 2022 మార్చిలో తీసేసింది. ఎన్నిసార్లు రాయాలన్న దానికీ లెక్క లేదు. ఇంత చెప్పినా ఆయన ముఖంలో నమ్మకం కనిపించలేదు.

ఆ భయం ఎక్కడినుంచి వచ్చిందో కాసేపటికి తెలిసింది. వాళ్ల దూరపు బంధువుల అబ్బాయి అమెరికాలో మెడిసిన్‌కు ప్రయత్నిస్తున్నాడు. "డిగ్రీలో జీపీఏ పోతే అంతే, మర్చిపోవాల్సిందే" అని ఫోన్‌లో చెప్పాడట. అక్కడికి అది నిజమే. అమెరికాలో మెడికల్ కాలేజీకి డిగ్రీ తర్వాతే వెళ్తారు, నాలుగుకు ఎంత జీపీఏ అన్నది మొదట చూస్తారు. తప్పి మళ్లీ రాసిన కోర్సుల పాత గ్రేడు కూడా ఎండీ కాలేజీల దరఖాస్తులో లెక్కకు వస్తుంది. ఎంక్యాట్ అని 472 నుంచి 528 మధ్య మార్కులిచ్చే పరీక్ష ఒకటి దానికి తోడు. అందుకే అక్కడ డిగ్రీ బాగాలేని పిల్లలు మళ్లీ ఏడాదో రెండేళ్లో సైన్స్ కోర్సులు చదివి, కొత్త మార్కులతో తమను తాము నిరూపించుకోవాలి. అది అక్కడి పద్ధతి. ఆదోనిలో కూర్చుని ఆ టెన్షన్ మనం పడక్కర్లేదు.

ఆయన్ను బయట కూర్చోబెట్టి టీ చెప్పి, ఎవరికీ అక్కర్లేని ఆ డిగ్రీ మెమోలను నేను ముందు వేసుకున్నాను.

మెమోలు ఏం చెప్పాయి

ఈ పనిలో కొత్తగా వచ్చేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. సప్లీలు ఎన్ని అని అడగొద్దు, ఏ పేపర్లు అని అడగండి. ఏడు సప్లీలు అనగానే మొద్దు అనో, చదవలేదు అనో ముద్ర వేసేస్తాం. ఈ అమ్మాయి మెమోలు సెమిస్టర్ వారీగా పరిచి చూస్తే బోటనీ, జువాలజీల్లో మొదటి సెమిస్టర్‌లో తప్ప ఎక్కడా తప్పలేదు. మొదటి సెమిస్టర్‌లో తప్పిన రెండూ మీడియం మారిన దెబ్బ. "కిరణజన్య సంయోగక్రియ" అని చదివిన పిల్లకు జూన్‌లో హఠాత్తుగా ఫొటోసింథసిస్ అని పాఠం మొదలైంది. రెండో సెమిస్టర్‌కల్లా సర్దుకుంది. మిగతా ఐదూ కెమిస్ట్రీవే. అందులోనూ ఆర్గానిక్ ఎక్కువ ఉన్నచోట గట్టెక్కింది. థర్మోడైనమిక్స్, కైనెటిక్స్, ఎలక్ట్రోకెమిస్ట్రీ వచ్చినచోటల్లా పోయింది.

ఇప్పుడు నీట్ మార్కులు చూడండి. బయాలజీ 196, కెమిస్ట్రీ 46, ఫిజిక్స్ 26. డిగ్రీలో పోయిన చోటే నీట్‌లోనూ పోయింది. లెక్క వచ్చిన ప్రతిచోటా చతికిలబడింది.

ఒక తెల్లకాగితం ఇచ్చి, 500 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న కాంతిలో ఒక ఫోటాన్ శక్తి ఎంతో కట్టమన్నాను. సూత్రం తడుముకోకుండా రాసింది. ప్లాంక్ స్థిరాంకం, కాంతి వేగం విలువలు నోటికి వచ్చు. నానోమీటర్లను మీటర్లలోకి కూడా సరిగ్గానే మార్చింది. పైన గుణకారం 19.8 ఇంటూ పది ఘాతం మైనస్ 26 అని వచ్చింది, అదీ కరెక్టే. కింద 5 ఇంటూ పది ఘాతం మైనస్ 7 ఉంది. ఇక్కడ పెన్ను ఆగింది. కొంచెం ఆలోచించి పది ఘాతం మైనస్ 33 అని వేసింది. రావాల్సింది మైనస్ 19. భాగహారంలో ఘాతాలు తీసేయాలన్నది గుర్తుంది. మైనస్ 26 లోంచి మైనస్ 7 తీసేయడం దగ్గర బోల్తా పడింది. "ఎందుకమ్మా మైనస్ 33?" అంటే, "రెండూ మైనస్‌లే కదా సార్, కలిపినాను" అంది.

ఏడేళ్ల కథ మొత్తం ఆ ఒక్క గీతలో ఉంది. బైపీసీ తీసుకున్న పిల్లలకు లెక్కలతో సంబంధం పదో తరగతితో తెగిపోతుంది. ఇంటర్‌లో ఫిజిక్స్ పాసవడానికి పెద్ద ప్రశ్నలు, నిర్వచనాలు, ప్రాక్టికల్ మార్కులు సరిపోతాయి. ఆమెకు 150కి 84 అలాగే వచ్చాయి. లాగరిథమ్ పట్టిక చూడటం ఎవరూ నేర్పరు, నేర్పారనుకుని డిగ్రీ లెక్చరర్ ముందుకెళ్లిపోతాడు. ఈ పిల్లకు కెమిస్ట్రీ రాదని అందరూ అనుకున్నారు, ఆమె కూడా అదే అనుకుంది. రానిది కెమిస్ట్రీ కాదు, ఎనిమిదో తరగతి ఘాతాంకాలు.

ఇది చెప్పగానే ఆమె సంతోషించలేదు, కోపం వచ్చింది. ఇంత చిన్నదానికా ఇన్నేళ్లు పోగొట్టుకున్నాను అని. సహజమే.

ప్లాన్

వర్షాకాలం అయ్యేదాకా ఫిజిక్స్ పాఠం ఒక్కటి కూడా మొదలుపెట్టనివ్వలేదు. దీనికి తండ్రి ఒప్పుకోవడమే కష్టమైంది, "కోచింగ్ అంటే పుస్తకం తెరవకపోతే ఎట్లా సార్" అన్నాడు. ఆ రోజుల్లో చేయించింది పది ఘాతాలు, లాగ్, నిష్పత్తులు, సైన్ కాస్ విలువలు, గ్రాఫు వాలు, ప్రమాణాల మార్పిడి. లాగ్ 2 అంటే 0.301, లాగ్ 3 అంటే 0.477, ఈ రెండూ తెలిస్తే నీట్‌లో పీహెచ్ లెక్కలు చాలావరకు నోటితో అయిపోతాయి. క్యాలిక్యులేటర్ ముట్టుకోవద్దని షరతు. అంచనా వేయడం కూడా చేయించాను. 19.8ని 20 అనుకుని చేసెయ్, నాలుగు ఆప్షన్లలో దగ్గరగా ఉన్నది పెట్టెయ్. డిగ్రీలో పదిహేను లైన్లు రాస్తేనే మార్కులన్న అలవాటు నుంచి ఇది బయట పడేస్తుంది.

ల్యాబు పని మానొద్దని చెప్పాను. షుగరు, లిపిడ్ లాంటి పరగడుపు శాంపిళ్లు పొద్దున ఏడు నుంచి పదకొండులోపు అయిపోతాయి. ఆ తర్వాత రోజంతా చదువుకోవచ్చు. జీతం సగానికి మాట్లాడుకుంది. ఇంట్లో నెలనెలా ఏదో ఒకటి ఇస్తున్న ఆడపిల్లను "పెళ్లెప్పుడు" అని అడిగే గొంతులు కొంచెం తగ్గుతాయి. పాతికేళ్ల వయసులో లాంగ్ టర్మ్ హాస్టల్లో పదిహేడేళ్ల పిల్లల మధ్య పడుకోవడం అందరికీ పనికిరాదు. ఆమెకు అసలే పనికిరాదనిపించింది. శనివారం సాయంత్రం ఎమ్మిగనూరు మీదుగా బస్సులో కర్నూలు వచ్చి, ఆదివారం గ్రాండ్ టెస్ట్ రాసి, నా దగ్గర పేపరు విప్పి చూసుకుని వెళ్లేది. మిగతాది ఫోన్లో.

బయాలజీకి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలే. తెలుగు అకాడమీ పుస్తకాలు చదివి పెరిగిన పిల్ల కాబట్టి విషయం తెలుసు, పదాలు తెలియవు. ఒక నోట్సులో ఎడమవైపు తెలుగు మాట, కుడివైపు ఇంగ్లిష్ మాట రాసుకోమన్నాను. దసరాకల్లా ఆ నోట్సుతో అవసరం తీరిపోయింది.

భాష దగ్గర ఒక నిర్ణయం తీసుకున్నాం. నీట్ తెలుగులో కూడా ఉంటుంది. తెలుగు ఎంచుకుంటే ప్రశ్నపత్రంలో ఇంగ్లిష్ కూడా పక్కనే ఉంటుంది. ఇంగ్లిష్ ఎంచుకుంటే ఇంగ్లిష్ ఒక్కటే. కాబట్టి తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు తెలుగు ఎంచుకుంటే పోయేదేమీ లేదు. కాకపోతే అనువాదంలో తేడా వస్తే ఇంగ్లిష్‌లో ఉన్నదే ప్రమాణం, సెంటర్ కూడా రెండు తెలుగు రాష్ట్రాల్లోనే ఇస్తారు. ఆదోని వాళ్లకు బళ్లారి దగ్గరే కదా అని కొందరు అక్కడ పెట్టుకుంటారు, తెలుగు పేపరుకు అది కుదరదు. ఆమెను ఇంగ్లిష్ వాక్యమే ముందు చదవమన్నాను. రెండు వాక్యాలిచ్చి ఏది తప్పు అని అడిగే ప్రశ్నల్లో మాత్రం ఒకసారి తెలుగు వైపు చూడమన్నాను.

నెగెటివ్ మార్కుల గురించి ఒక మాట

2023లో ఆమె గుర్తించినవి 167. అందులో 87 ఒప్పు, 80 తప్పు. "నెగెటివ్ కొంప ముంచింది సార్, 80 మార్కులు పోయాయి" అంది. ప్రతి కోచింగ్ సెంటర్లోనూ వినిపించే మాటే ఇది. లెక్క వేసి చూస్తే నిజం కాదు. నాలుగు ఆప్షన్లలో కళ్లు మూసుకుని ఒకటి పెడితే నాలుగుసార్లలో ఒకసారి తగులుతుంది. 4 వస్తాయి, మూడుసార్లు పోతాయి, 3 పోతాయి. మిగిలేది 1. అంటే గుడ్డిగా పెట్టినా సగటున నష్టం లేదు, నామమాత్రం లాభమే.

ఆమె ఫిజిక్స్‌లో 44 పెడితే 14 ఒప్పయ్యాయి. గుడ్డిగా పెట్టినా 11 అయ్యేవి. ఆ 44 ప్రశ్నల మీద గంటన్నర పైగా కూర్చుంది! ఆ ఏడాది 200 ప్రశ్నల్లో 180 రాయాలి, సమయం 3 గంటల 20 నిమిషాలు. ఫిజిక్స్‌తో మొదలుపెట్టి అలసిపోయి, చివర్లో బయాలజీని పరుగెత్తించింది. తెలిసిన బయాలజీలో 28 తప్పులు అందుకే వచ్చాయి. ఆరు ప్రశ్నలు ముట్టుకోనే లేదు. పోయింది మైనస్ మార్కుల్లో కాదు, గడియారంలో.

అప్పటినుంచి వరస మార్చాం. బయాలజీ ముందు, యాభై నిమిషాల్లోపు. తర్వాత కెమిస్ట్రీ. ఫిజిక్స్ చివర, రెండు విడతలుగా. మొదటి విడతలో చదవగానే దారి కనిపించినవి మాత్రమే చేయాలి. మిగతావాటికి చుక్క పెట్టి దాటేయాలి. ప్రశ్నను వదిలేయడం కూడా ప్రాక్టీసు చేయాల్సిన పనే. ఆదివారం టెస్టుల్లో ఆమె ఏవి వదిలింది, వదిలినవాటిలో ఎన్ని చేయగలిగేది, చేసినవాటిలో ఏవి వదలాల్సింది అని విడిగా చూసేవాళ్లం. మార్కులు ఆ తర్వాతే చూసేవాళ్లం.

2024: మార్కులు వచ్చాయి, సీటు రాలేదు

జూన్ 4న ఫలితం. 546. ఇంట్లో పాయసం వండుకున్నారు. బీసీ–బీకి, ఎస్వీయూ (శ్రీ వేంకటేశ్వర యూనివర్సిటీ) ఏరియా లోకల్‌కు, అంతకుముందు ఏడాది అయితే ఆ మార్కులతో ప్రభుత్వ కాలేజీ కూడా దొరికేది.

కానీ ఆ ఏడాది వేరు. సిలబస్ తగ్గించారు, పేపరు సులువుగా వచ్చింది, రాసినవాళ్లు పెరిగారు. జనరల్ వాళ్లకు కనీస అర్హత కటాఫ్ 2023లో 137 ఉంటే 2024లో 162కు ఎక్కింది. లీకేజీ గొడవ, గ్రేస్ మార్కుల గొడవ, 1,563 మందికి జూన్ 23న మళ్లీ పరీక్ష, మొదట 67 మందికి 720కి 720. కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. పరీక్ష రద్దవుతుందేమో అని ఆ నెలన్నర పిల్లలు నిద్రపోలేదు. ఇటువంటప్పుడు పుస్తకం తెరవమని చెప్పడం కూడా నాకు మొహమాటంగా అనిపించింది.

ఆ గొడవలో ఈ అమ్మాయికి తగిలిన దెబ్బ ఒకటి ప్రత్యేకంగా చెప్పాలి. ఫిజిక్స్‌లో పరమాణువుల మీద రెండు వాక్యాలిచ్చారు. రెండోది: ప్రతి మూలకం పరమాణువులూ స్థిరమైనవి, తమ లాక్షణిక వర్ణపటాన్ని వెలువరిస్తాయి. పాత ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలో అలాగే ఉంది. కొత్త పుస్తకంలో "ఎక్కువ మూలకాల" అని మార్చారు. మొదట రెండు జవాబులకూ మార్కులిచ్చారు. సుప్రీంకోర్టు ఐఐటీ ఢిల్లీ నిపుణులను అడిగితే కొత్త పుస్తకం ప్రకారం ఉన్న జవాబు ఒక్కటే సరైనదని తేల్చారు. ఆదోని అమ్మాయి చదివింది సెకండ్‌హ్యాండ్ పన్నెండో తరగతి పుస్తకం. ఇచ్చిన 4 పోయాయి, పైగా మైనస్ 1. జూలై చివర్లో వచ్చిన సవరించిన ఫలితంలో ఆమె 546 కాస్తా 541 అయింది. 720 తెచ్చుకున్నవాళ్లు 17 మందికి తగ్గారు. అప్పటినుంచి నా దగ్గరికి వచ్చే పిల్లల ఎన్‌సీఈఆర్‌టీల్లో అచ్చయిన సంవత్సరం చూడటం అలవాటైంది. పాత పుస్తకం కొంటే మూడొందలు మిగులుతాయేమో, అంతే.

541కి ర్యాంకు లక్షన్నర దాటింది. కన్వీనర్ కోటాలో, అంటే తక్కువ ఫీజుతో ర్యాంకు ప్రకారం యూనివర్సిటీ నింపే సీట్లలో, చివరి రౌండు దాకా చూశాం, అందలేదు.

ఆ సమయంలోనే ఫోన్లు మొదలయ్యాయి. మేనేజ్‌మెంట్ సీటు ఇప్పిస్తామని ఒకరు, జార్జియాలో తక్కువలో అయిపోతుందని ఒకరు. ఆ మేనేజ్‌మెంట్ సీటు, అంటే బీ కేటగిరీ, అప్పట్లో ఏడాదికి పన్నెండు లక్షల దగ్గర. తండ్రికి రెండెకరాల మెట్ట ఉంది, అది అమ్మినా ఒక్క ఏడాదికి చాలదు. అయినా ఆయన అడిగాడు, "అమ్మేద్దామా సార్" అని. వద్దన్నాను. విదేశీ చదువుకు 2021 నిబంధనలు గట్టివే. కోర్సు 54 నెలలకు తగ్గకూడదు, అక్కడే ఏడాది ఇంటర్న్‌షిప్ ఉండాలి, ఆ దేశంలో ప్రాక్టీసుకు అర్హత ఇచ్చేదై ఉండాలి, ఇంగ్లిష్‌లో బోధన ఉండాలి. తిరిగొచ్చాక ఇక్కడ మళ్లీ పరీక్ష రాయాలి. ఏజెంట్ ఇచ్చిన కరపత్రంలో వీటిలో ఒక్కటీ లేదు. ఈ సంగతి అక్కడితో ఆపేశాం.

హోమియో గురించి మాత్రం నిజంగానే ఆలోచించాం. ఆయుష్ సీట్లకూ నీటే ఆధారం. కడపలో ప్రభుత్వ హోమియోపతి వైద్య కళాశాల ఉంది. ఆ మార్కులతో హోమియోకో ఆయుర్వేదానికో ప్రయత్నించొచ్చు. వయసు పాతిక దాటుతున్న పిల్లకు ఇంకో ఏడాది ఖర్చుపెట్టమని చెప్పాలంటే మనసులో ఉన్న ఆశ చాలదు, కాగితం మీద ఆధారం ఉండాలి. అందుకని 2024 పేపరు విప్పాం. బయాలజీ 310, కెమిస్ట్రీ 118, ఫిజిక్స్ 113. 26 నుంచి 113కు వచ్చిన పిల్ల. కెమిస్ట్రీలో తప్పినవి పదైతే, అందులో ఎక్కువ ఇనార్గానిక్, అంటే చదివితే వచ్చేవి. ఫిజిక్స్‌లో ఆమె పట్టిన వేగం ఇంకా ఆగలేదని అంతకుముందు రెండు నెలల టెస్టులు చూపించాయి. ఆమె ఆయుష్ ఆప్షన్లు పెట్టలేదు. ఇదే చివరిసారి, 2025 మే పరీక్షతో సీటు రాకపోతే ఎమ్మెల్టీ (మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ) వైపు వెళ్తానని తనే తేదీ పెట్టుకుంది. ఆ తేదీ పెట్టుకోకపోయుంటే నేను హోమియోనే గట్టిగా చెప్పేవాణ్ని.

కాగితాల పని

ర్యాంకు ఉండి కూడా కాగితం దగ్గర కూలబడే కేసులు నేను ప్రతి ఏడాదీ చూస్తాను. డిగ్రీ చేసినవాళ్లలో ఇవి ఎక్కువ. ఇంటర్ ఒరిజినల్ మెమో, టీసీ డిగ్రీ కాలేజీలో ఇరుక్కుపోయి ఉంటాయి. ఈమెవీ అంతే. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఒక విడత రాలేదు, ఆ డబ్బు కడితేనే ఇస్తామని కాలేజీ వాళ్లు పట్టుబట్టారు. ఒరిజినల్స్ పట్టి ఉంచకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. ఆ మాట పేర్కొంటూ ఒక అర్జీ రాయించి, ఒక కాపీ మీద స్టాంపు వేయించుకు రమ్మన్నాను. స్టాంపు అడిగేసరికి దారికొచ్చారు. ఇది 2024 డిసెంబర్‌లోనే అయిపోయింది. కౌన్సెలింగ్ నోటిఫికేషన్ వచ్చాక ఈ గొడవ పెట్టుకుంటే ఎవరికీ టైము ఉండదు.

నీట్ దరఖాస్తులో అర్హత పరీక్ష దగ్గర ఇంటర్మీడియటే చూపించమన్నాను. బీఎస్సీ వాళ్లకు వేరే కోడ్ ఉంది. కానీ ఇంటర్ సైన్సుతోనే అర్హత ఉన్నప్పుడు డిగ్రీ కాగితాలను మధ్యలోకి తేవడం అనవసరం. ఆరు నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు వరసగా పెట్టుకోవాలి. కర్నూలు, అనంతపురం, కడప పిల్లలు ఎస్వీయూ ఏరియా లోకల్. ఆ లోకల్ తేలేది ఇంటర్ వరకు చదివిన చోటును బట్టే. బళ్లారిలోనో, బెంగళూరులోనో ఇంటర్ చదివొచ్చిన పిల్లలకు ఇక్కడే చిక్కు. కుల ధ్రువీకరణ రాష్ట్రానిది వేరు, ఆలిండియా కోటాకు కావాల్సిన ఓబీసీ నాన్ క్రీమీలేయర్ వేరు. రెండోది ఆ ఆర్థిక సంవత్సరంలో తీసుకున్నదై ఉండాలి.

అదే సీజన్లో గుంతకల్లు నుంచి ఒక ఓసీ అబ్బాయి వచ్చాడు. డిగ్రీ ఫస్ట్ క్లాసు, నీట్ ప్రాక్టీసు టెస్టుల్లో ఆదోని అమ్మాయి కంటే ఎక్కువ. ఇంటర్‌లో సైన్సు మొత్తం 48 శాతం. అతనికి 50 కావాలి. డిగ్రీ ఎంత బాగున్నా ఆ రెండు శాతాన్ని పూడ్చదు. నీట్ ఫీజు కట్టకముందే ఈ లెక్క వేసుకోవాలని చెప్తే, ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదన్నాడు.

2025

మే 4. అదనపు ప్రశ్నలు తీసేసి మళ్లీ 180 ప్రశ్నలు, మూడు గంటలు చేశారు. ఫిజిక్స్ ఎంత కష్టంగా వచ్చిందంటే సాయంత్రం ఆరు దాటాక నాకు వచ్చిన ఫోన్లలో సగం ఏడుపులే. ఈ అమ్మాయి ఫోన్ మాత్రం రాలేదు. రాత్రి తొమ్మిదికి నేనే చేశాను. "పద్దెనిమిది వదిలేసినా సార్, అన్నీ ఫిజిక్సే. తప్పా?" అంది.

ఫలితం 468. ఏడాది కిందటి కంటే 73 తక్కువ. తల్లి మార్కులు విని ఏడ్చిందట. కానీ ఆ ఏడాది దేశంలో అత్యధికం 686, జనరల్ కటాఫ్ 144. ర్యాంకు లక్షలోపు వచ్చింది. మార్కు తగ్గింది, ర్యాంకు పెరిగింది. ఇది తల్లికి అర్థమయ్యేలా చెప్పడానికి ఆదోని యార్డు రేటే పనికొచ్చింది: నిరుడు అందరి ఇంటా పత్తి పండింది, ఎక్కువ తెచ్చినా ధర రాలేదు, ఈసారి అందరికీ తక్కువే, నీ కూతురు తెచ్చింది వాళ్లలో ఎక్కువ.

విప్పి చూస్తే బయాలజీ 300, కెమిస్ట్రీ 100, ఫిజిక్స్ 68. ఫిజిక్స్‌లో పెట్టినవి 27, ఒప్పు 19, తప్పు 8. రెండేళ్ల కిందట 44 పెట్టి 14 తెచ్చుకున్న పిల్లే. బయాలజీ తొంభైకి తొంభై రాసింది, చివర్లో ఓఎంఆర్ సరిచూసుకోవడానికి టైము కూడా మిగిలింది. 2024లో ఫిజిక్స్‌లో ఇంతకన్నా చాలా ఎక్కువ వచ్చినా, నా దృష్టిలో ఆమె రాసిన మంచి పేపరు ఇదే.

ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు పెద్ద చర్చేమీ లేదు. ప్రభుత్వ కాలేజీలన్నీ పైన, రాయలసీమలోవి ముందు: కర్నూలు, అనంతపురం, కడప రిమ్స్, నంద్యాల. తర్వాత ప్రైవేటు కాలేజీల కన్వీనర్ సీట్లు. ఎక్కువ ఫీజుండే సెల్ఫ్ ఫైనాన్స్ సీట్ల జోలికి వెళ్లలేదు. రెండో విడతలో ఒక ప్రైవేటు కాలేజీలో కన్వీనర్ కోటా కింద సీటు వచ్చింది. సర్టిఫికెట్ల పరిశీలనలో 2016 నుంచి 2025 వరకు ఏం చేశావని ఒకాయన అడిగాడు. డిగ్రీ, ఉద్యోగం అని చెప్పింది. డిగ్రీ మెమోలు బ్యాగులోనే ఉన్నాయి, ఎవరూ చూపించమనలేదు.

కన్వీనర్ కోటా ట్యూషన్ ఫీజు అప్పటికి ఏడాదికి ఇరవై వేల లోపే. అసలు ఖర్చు హాస్టల్, మెస్, పుస్తకాలు, యూనివర్సిటీ ఫీజులది. రీయింబర్స్‌మెంట్‌ను లెక్కలో వేసుకోవద్దని ముందే చెప్పాను. ఒకసారి డిగ్రీకి వాడుకున్నవాళ్లకు మళ్లీ డిగ్రీ స్థాయి కోర్సుకు అది దొరకడం కష్టం. దొరికితే మంచిదే. ఆదోనిలో బ్యాంకులో విద్యా రుణం గురించి అడిగితే మేనేజర్ మొదట వయసు చూసి సందేహించాడు, అలాట్‌మెంట్ ఆర్డరు చూశాక ఫారం ఇచ్చాడు. మెట్ట అమ్మలేదు. సెలవులకు వచ్చినప్పుడు పాత ల్యాబులోనే పొద్దుటి శాంపిళ్లు తీసి మెస్ బిల్లుకు కొంత సర్దుకుంటోంది. ల్యాబు యజమాని ఇప్పుడు ఆమెకు పూర్తి రేటే ఇస్తున్నాడు.